మగ్గం కాళ్లు

మా ఇంట్లో ఆ కాళ్లకు ఒక పేరుండేది, మగ్గం కాళ్లు అని. అరికాలు మధ్యలో గోపురంలా పైకి లేచి, మడమ లోపలికి తిరిగి, వేళ్లు కొక్కేల్లా వంగి ఉండేవి. పిక్కల్లో కండ ఉండేది కాదు. తాతవీ అవే కాళ్లు, నాయనవీ అవే. ధర్మవరంలో గుంత మగ్గం మీద పట్టుచీరలు నేసే ఇల్లు మాది. పొద్దస్తమానం గుంతలోకి కాళ్లు దించి తొక్కుడు చెక్కలు తొక్కితే కాళ్లు వంగక ఏం చేస్తాయి అనేవాళ్లు. అదేదో నేతగాడికి ఇచ్చే బిరుదన్నట్టు మాట్లాడేవాళ్లు. పక్కింటి నేతగాళ్లూ అవే చెక్కలు తొక్కుతున్నారు, వాళ్ల కాళ్లు చక్కగానే ఉన్నాయి కదా అని ఒక్కరికీ తట్టలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

తొంభైల మొదట్లో, నేను బడికి పోయే వయసులో, నా మడమలూ లోపలికి తిరగడం మొదలైంది. నేను మగ్గం ఎక్కిందే లేదు. అయినా దానికీ ఒక జవాబు సిద్ధం చేశారు. పసిదాన్నప్పుడు మగ్గం గుంతలో దిగి ఆడుకునేదాన్నట, ఆ చెమ్మ కాళ్లకు పట్టిందట.

"దీన్ని ఇంగ ఈడ పెట్టుకుంటే కాళ్లు పూర్తిగా పోతాయి. మగ్గం లేని ఇంట్లో పెరగాల," అన్నాడు నాయన.

అమ్మ ఏడ్చినా వినలేదు. పెనుకొండలో మా చిన్నమ్మ ఉండేది. చిన్నాయనది గవర్నమెంటు ఉద్యోగం, ఇంట్లో నున్నటి గచ్చు. నన్ను అక్కడికి పంపేశారు.

ఆ నున్నటి గచ్చు మీదే నేను రోజూ పడేదాన్ని. పాదం పైకి లేచేది కాదు. బడి దారిలో చెప్పు కాలికి నిలవక చేత్తో పట్టుకుని నడిచేదాన్ని. వేళ్లు నేలకు తగలకుండా మోకాళ్లు ఎత్తెత్తి అడుగులు వేస్తుంటే, వెనక ఆడపిల్లలు "ఏమే, కోడి మాదిరి పోతాండావు" అంటూ నాలాగే నడిచి చూపించేవాళ్లు. చిన్నమ్మ మంచిదే, తిట్టేది కాదు, కొట్టేది కాదు. కానీ జ్వరమొస్తే నుదుటి మీద పడే చెయ్యి అమ్మది కాదు. నా ఇల్లు రైల్లో కాసేపటి దూరంలో ఉంది, నేను మాత్రం సెలవులకొచ్చే చుట్టాన్నయిపోయాను.

ఒక వేసవి సెలవుల్లో నాయన నన్ను ధర్మవరంలోనే ఒక డాక్టరుకు చూపించాడు. పోలియో అన్నాడాయన. ఇనుప కడ్డీల బూట్లు రాశాడు. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని మాత్రం అడిగాడు.

"ల్యా సార్. మా ఇంట్లో ఎవురికీ ఏ రోగమూ ల్యా."

నాయన అబద్ధం చెప్పలేదు. తనది రోగమని ఆయనకు తెలియదు. మరి ఆ చదువుకున్నాయనకేం తెగులు? ఎదురుగా నిలబడ్డ మనిషి కాళ్లకేసి ఒక్కసారి తల వంచి చూడలేకపోయాడు! ఆ బూట్లు ఒరుసుకుని నాకు పుండ్లు పడ్డాయి. మొద్దుబారిన కాళ్లు కాబట్టి పుండు పడిన సంగతి కూడా నాకు ఆలస్యంగా తెలిసేది. చివరికి ఆ బూట్లు విప్పేసి, వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకున్నాను. మడమలు మాత్రం వాటి పని అవి చేసుకుంటూ పోయాయి. అట్లా కొన్నేళ్లు మట్టిలో కలిశాయి.

హైస్కూలు చివర్లో ఉండగా, హిందూపురానికి బెంగళూరు నుంచి ఎముకల డాక్టరు వస్తున్నాడని ఎవరో చెప్పారు. నాయన ధర్మవరంలో రైలెక్కాడు, నేను పెనుకొండలో అదే రైలెక్కాను. మా వైపు డాక్టరు గదిలోకి ఎవరూ చెప్పులతో పోరు, గుమ్మం ముందు విడవాల్సిందే. మేమూ విడిచి లోపల కూర్చున్నాం. డాక్టరు ఆలస్యంగా వచ్చాడు. వచ్చినవాడు గుమ్మం దగ్గర ఆగి, వంగి, రెండు జతల చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికొచ్చాడు. రెండు జతలకూ బయటి అంచు అరిగి అట్టముక్కంత పలచనైపోయింది. లోపలి అంచు కొత్తదానిలా ఉంది.

"చిన్నవి పాపవి. పెద్దవి ఎవరివప్పా?"

"నావే సార్."

"పంచె పైకెత్తు."

"నావి మగ్గం కాళ్లు సార్. మేము పాప కోసరం వచ్చినాం."

"ఎత్తు."

ఇది నరాల జబ్బనీ, తండ్రి నుంచి నాకు వచ్చిందనీ ఆ రోజు తెలిసింది. నరాలను బాగుచేయలేమనీ, నా కీళ్లు ఇంకా కదులుతున్నాయి కాబట్టి పాదాలను సరిచేయగలమనీ, ఇంకా ఆలస్యం చేయొద్దనీ డాక్టరు చెప్పాడు. బెంగళూరులో పరీక్షలయ్యాక ఆపరేషన్ చేశారు. మడమ ఎముకను కోసి బయటి వైపు జరిపారు. పాదాన్ని లోపలికి గుంజే స్నాయువును, అంటే కండను ఎముకకు కట్టి ఉంచే తాడును, పాదం పైభాగానికి మళ్లించారు. వంకర వేళ్లను తీగలు గుచ్చి నిటారుగా నిలిపారు. ఒక కాలు మానాక రెండోది. పిండికట్టు లోపల దురద పుడుతుంటే నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. కోయాల్సింది ఇంత ఉందని తెలియడానికి ఒకరు తల వంచి చెప్పులు చూడాల్సి వచ్చింది.

కట్లు విప్పి నడక నేర్చుకున్నాక మళ్లీ హిందూపురం వెళ్లాం. డాక్టరు నన్ను నడిపించి చూశాడు. మడమ నేలకు చదునుగా ఆనింది. తర్వాత డాక్టరు నాయన పాదాన్ని ఒళ్లోకి తీసుకుని అటూ ఇటూ వంచబోయాడు. అది రాయిలా ఉంది.

"బిగుసుకుపోయిందప్పా. పాప వయసులో చేసుంటే సరిపోయేది. ఇప్పుడు చేయాలంటే కీళ్లు కదలకుండా అతికించేయాల."

నాయన పాదం వెనక్కి తీసుకుని పంచె కిందికి లాక్కున్నాడు.

"సార్, ఒగ మాట. మగ్గం గుంతకూ దీనికీ సంబంధం ల్యాదా?"

"ఏమీ లేదు."

"అట్లయితే పాపను అప్పుడు ఇంట్లోనే పెట్టుకోనుండచ్చా?"

డాక్టరు జవాబు చెప్పేలోగా నేనే చెప్పాను. మెత్తగా చెప్పలేదు, గదంతా వినబడేలా చెప్పాను.

"పెట్టుకోనుండచ్చు నాయనా."