ఫోనమ్మ తన్ను తాను కొలుచుకున్న వైనం

ఆ పెద్దాసుపత్రిలో మెట్ల కింద ఒక గది ఉంది. కిటికీ లేదు. ఒక బల్ల, ఒక కుర్చీ, రోజంతా సణుగుతూ తిరిగే ఫ్యాను, గోడంత ఫోన్ల బోర్డు. ఆ గదిలో ఇరవై మూడేళ్ళుగా కూర్చున్నావిడ పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. అందరికీ ఆవిడ ఫోనమ్మ. బయటినుంచి ఎవరు ఫోన్ చేసినా ముందు ఎత్తేది ఆవిడే, లోపల ఎవరికి కలపాలో వాళ్ళకి కలిపేదీ ఆవిడే. మూడువందల పది నంబర్లు ఆవిడకి కొట్టిన పిండి. కళ్ళు మూసుకుని కలిపేస్తుందని అందరూ మాటవరసకి అనేవారు గానీ, మధ్యాహ్నం భోజనం అయ్యాక ఫోనమ్మ నిజంగానే కళ్ళు మూసుకుని కలిపేది.

విచిత్రం ఏమిటంటే, ఆ ఆసుపత్రిలో ఆవిడకి తెలియని గొంతు లేదు, తెలిసిన ముఖం లేదు. పొద్దున ఏడింటికి వెనక గేటునుంచి వచ్చేది, మూడింటికి వెనక గేటునుంచే వెళ్ళేది. ఎముకల డాక్టరుకి జలుబు చేసిందని ఆయన భార్యకన్నా ముందు ఫోనమ్మకి తెలిసేది. అదే డాక్టరు వరండాలో ఎదురుపడితే మాత్రం ఎవరో రోగి కాబోలనుకుని దారి ఇచ్చేది.

ఇలా హాయిగా సాగుతుండగా ఒకరోజు ఆవిడ బల్ల మీదికి రెండు కాగితాలు వచ్చాయి. మొదటిదాంట్లో, వచ్చే నెలాఖరుకి ఫోన్ల బోర్డు తీసేస్తారని, ఇకమీదట ఆ పని యంత్రమే చూసుకుంటుందని ఉంది. రెండోది ఇలా చోటు మారబోయేవాళ్ళందరికీ ఇచ్చిన కాగితం, దాని పేరు ‘మిమ్మల్ని మీరు అంచనా వేసుకోండి’. అందులో మూడు గడులు: మీకేం వచ్చు, మీకేం రాదు, ఈ ఆసుపత్రిలో ఇంకెక్కడ పనికొస్తారు. మీరు రాసినదాన్ని బట్టే కొత్త చోటు. చోటు దొరకనివాళ్ళకి దుప్పట్ల గది. ఉతికొచ్చిన దుప్పట్లు మడతపెట్టి బీరువాల్లో సర్దడం, సాయంత్రందాకా మాట్లాడే మనిషి లేకపోవడం, అదీ ఆ గది సంగతి. ఫోనమ్మని అక్కడ కూర్చోబెట్టడమంటే చేపని తీసుకెళ్ళి బీరువాలో పెట్టడమే.

ఇంట్లో ఫోనమ్మ భర్త నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు ఆయన అక్క తీర్చేస్తుంది. నలభై ఏళ్ళు దర్జీ పని చేసి, ఇప్పటికీ కిటికీ పక్కన కుట్టు మిషను ముందునుంచి లేవని ఘటం. ఆ సాయంత్రం ఫోనమ్మ కాగితం తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టింది.

“నన్ను నేను అంచనా వేసుకోవాలట వదినా. ఇరవై మూడేళ్ళు చాకిరీ చేశాక ఇప్పుడు పరీక్ష.”

“ఏం రాశావు?”

“ఫోన్లు కలపడం వచ్చు అని.”

“ఇంకా?”

“ఇంకేముంది? నేను చేసేది అదేగా.”

వదిన పళ్ళతో దారం తెంపి, కళ్ళజోడు మీదుగా చూసింది. “నా దగ్గరికి కొంతమంది పాత చొక్కా పట్టుకొచ్చి, దీని కొలతకే కుట్టమనేవాళ్ళు. అది కుట్టించి పదేళ్ళయుంటుంది, మనిషి మారిపోయుంటాడు. నేను చొక్కా పక్కన పడేసి టేపు మనిషి మీదే పెట్టేదాన్ని. నీ ఉద్యోగం పేరు ఆ పాత చొక్కానే. దాన్ని చూసి రాయకు. నిన్ను కొలుచుకుని రాయి.”

“మనిషినైతే టేపు పెట్టి కొలుస్తావు. నేను దేంతో కొలుచుకోను?”

“వారం రోజులు ప్రతి ఫోనుకీ ఒక గీత గియ్యి. వాళ్ళేం అడిగారు, నువ్వేం చేశావు. అంతే.”

ఫోనమ్మకి ఇదేదో పిల్లల ఆటలా అనిపించింది. అయినా వదిన మాట తీసేసే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు కాబట్టి మర్నాడే ఒక నోటుబుక్కు కొంది. వారం తిరిగేసరికి పేజీలన్నీ గీతలతో నిండిపోయాయి. కూర్చుని లెక్కపెడితే మొత్తం ఫోన్లు పందొమ్మిదివందల పన్నెండు. అందులో ఊరికే కలిపి వదిలేసినవి ఆరువందలు దాటలేదు. మిగతావన్నీ వేరే. పరగడుపున రావాలా, ఏ కాగితాలు తేవాలి, ఏ గేటు, మా నాన్నని ఏ వార్డులో పెట్టారు, ఆయన రాత్రి నిద్రపోయారా. తిట్టినవాళ్ళు నలభై ఇద్దరు. ఏడ్చినవాళ్ళు పదిహేడుగురు. తప్పు డాక్టరుని అడిగితే సరైన డాక్టరు దగ్గరికి పంపినవి నూటముప్పై. ఇన్నాళ్ళూ తను ఏం చేస్తోందో తనకే తెలియదు. ఆవిడకి ఒళ్ళు పులకరించింది, కాస్త పొగరు కూడా వచ్చింది.

ఆ పొగరులోనే రెండో గడిలో, ‘రానిది ఏమీ లేదు’ అని రాసింది. వదిన అది చదివి కాగితం వెనక్కి ఇచ్చేసింది.

“కొలిచేటప్పుడు పొట్ట లోపలికి పీల్చకమ్మాయ్. అప్పటికి బాగానే ఉంటుంది. కుట్టాక గుండీలు పట్టవు.”

ఫోనమ్మ ఉడుక్కుంది. రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగింది. మూడో రోజు ‘ఏమీ లేదు’ కొట్టేసి, కింద మూడు వాక్యాలు రాసింది. కంప్యూటరు రాదు. ఎవరైనా ఎదురుగా నిలబడి చూస్తుంటే చేతులు వణుకుతాయి. ముఖాలు గుర్తుపట్టలేను, గొంతు వింటే మాత్రం పొరబడను. రాస్తుంటే ఒక్కో మాటా పన్ను పీకినట్టే ఉంది. మూడో గడిలో, ‘ముందు గుమ్మం దగ్గర విచారణ బల్ల’ అని రాసి, నోటుబుక్కు కూడా జతచేసి ఇచ్చేసింది.

వారం తర్వాత కబురొచ్చింది: నెలాఖరులో ఒకరోజు ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టి చూస్తామని. చేతిలో పద్దెనిమిది రోజులున్నాయి. రానివి ఏమిటో తన చేత్తోనే రాసిచ్చింది కాబట్టి ఏం నేర్చుకోవాలో ఎవరినీ అడగక్కర్లేకపోయింది. భోజనం వేళ మందుల కౌంటరులోని అమ్మాయి పక్కన స్టూలు వేసుకుని కంప్యూటరు పట్టింది. మొదట్లో ఒక్క పేరు కొట్టడానికి పట్టే సమయంలో ఆ రోగికి జబ్బు నయమైపోయేలా ఉండేది. చేతుల వణుకు పోవడానికి వదిన పొరుగువాళ్ళని నలుగురిని పిలిచి వరసలో నిలబెట్టి, ‘చూస్తూ ఉండండి, మాట్లాడకండి’ అని పురమాయించింది. ముఖాల సంగతి మాత్రం ఎవరివల్లా కాలేదు.

ఆ రోజు రానే వచ్చింది. ముందు గుమ్మం దగ్గర తిరనాళ్ళలా జనం, ఒక్కొక్కరి చేతిలో ఆ గంటకి వరస నంబరు చీటీ. మొదటి గంట ఫోనమ్మ చేతులు వణికాయి. రెండో గంటకి ఆవిడ కళ్ళు దించి గొంతులు వినడం మొదలుపెట్టింది, అంతే, పని పట్టాలెక్కింది. సగం మంది ప్రశ్న పూర్తిచేసేలోపే జవాబు ఇచ్చేస్తోంది.

పదకొండింటప్పుడు బట్టతలాయన ఒకరు, మామూలు చొక్కాలో, గబగబా వచ్చి వరస దాటుకుని లోపలికి వెళ్ళబోయారు. ఫోనమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“బాబుగారూ, ఇంతమంది నిలబడే ఉన్నారు. ఇదుగో మీ చీటీ. ఇరవై ఏడు.”

పక్కనున్న కాపలావాడు గుడ్లు తేలేశాడు. నోరు తెరవబోయాడు. ఆయన వేలితో వాడిని వారించి, చీటీ తీసుకుని, వెళ్ళి వరస చివర నిలబడ్డారు. ఇరవై నిమిషాలకి ఆయన వంతు వచ్చింది.

“ఇరవై ఏడండీ” అన్నారు.

ఫోనమ్మ కింద నేల కదిలింది. ఆ గొంతు పదకొండేళ్ళుగా రోజూ పొద్దున ఏడున్నరకి వినే గొంతు. ఆసుపత్రి మొత్తానికి పెద్ద డాక్టరు. వెనక రోడ్డు కొత్త ఫోన్ల తీగ కోసం తవ్వేశారని ఆ ఒక్కరోజే ముందు గుమ్మంనుంచి వచ్చారు. దుప్పట్ల గది ఆవిడ కళ్ళముందు తలుపు తీసుకుని నిలబడింది.

“నా గదికి దారెటో చెబుతారా?” అన్నారాయన, నవ్వుతున్నారో లేదో తెలియకుండా.

లేచి నిలబడి చేతులు జోడించి క్షమాపణ చెప్పాలనిపించింది. ఆయన వెనకాల ఒక ముసలాయన కర్రమీద ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఫోనమ్మ కూర్చునే ఉంది.

“నమస్కారం సార్. మెట్లెక్కి ఎడమవైపు రెండో తలుపు. ఇరవై ఎనిమిది, ఇలా రండి తాతగారూ.”

ఆ పూట ఇంటికెళ్ళి అన్నం ముట్టలేదు. మర్నాడు పిలుపొచ్చింది. పెద్ద డాక్టరు బల్లమీద ఆవిడ కాగితం, పక్కనే నోటుబుక్కు ఉన్నాయి.

“‘ముఖాలు గుర్తుపట్టలేను, గొంతు వింటే మాత్రం పొరబడను.’ నిన్న ఇది నిజమని నాకు ఇరవై నిమిషాల్లో రుజువైంది” అన్నారాయన.

ఫోనమ్మ తల దించుకుంది.

“నలభై మంది ఈ కాగితం ఇచ్చారమ్మా. రానిదేమిటి అన్న గడిలో ముప్పై తొమ్మిది మంది, ఏమీ లేదు అని రాశారు. నిజంగా రానిది రాసినది మీరొక్కరే. ఆ వరసలో నిలబడి మీరు జనంతో మాట్లాడటం విన్నాను. నా ఆసుపత్రిలో గుమ్మం దగ్గర అలా మాట్లాడే మనిషి ఉండాలని నాకు ఎన్నాళ్ళనుంచో ఉంది. మెట్ల కిందే ఉన్నారని తెలియలేదు. ఒకటో తారీఖునుంచి ఆ బల్ల మీకే.” ఆగి, అన్నారు: “నన్ను ఇంకోసారి చీటీ తీసుకోమన్నా తప్పులేదు.”

ఆ సాయంత్రం వదిన మిషను ఆపలేదు. కుడుతూనే అడిగింది.

“కొలత సరిపోయిందా?”

“భుజాల దగ్గర కాస్త బిగుతు వదినా. అలవాటవుతుంది.”

మిషను చక్రం ఆగింది. వదిన కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంది. ఇరవై ఏడేళ్ళలో ఈ మరదలిని ఒక్కసారి కూడా మెచ్చుకోని నోరు అది.

“గర్వంగా ఉందే నాకు” అంది. “పొట్ట లోపలికి పీల్చకుండా నిలబడ్డావు.”

ఫోనమ్మ ఆ గొంతు విని, మొదటిసారి ఆ ముఖం వంక తేరిపార చూసింది.