జొన్నగిరి నిక్కరు, ఎమ్మిగనూరు కోటు

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పోవడం కూడా ఒక యాత్రేనా అని నవ్వేవాళ్ళు పొద్దున ఏడున్నర బస్సు ఒకసారి ఎక్కి చూడాలి. కాశీకి పోయేవాడికైనా కూర్చునే చోటు దొరుకుతుంది. మా బస్సుల్లో ఇప్పుడు ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు, మగవాళ్ళకు సీటు లేదు. ఆడవాళ్ళ మీద నాకు కోపం లేదు. ఇన్నేళ్ళూ వాళ్ళు నిలబడ్డారు, మేం కూర్చున్నాం. కోపమంతా రెండు బస్సుల జనానికి ఒక్క బస్సు పంపి చేతులు దులుపుకునే వాళ్ళ మీదే.

ఈ వయసులో నన్ను బయల్దేరదీసింది మార్తమ్మ ఫోను. ఆమె భర్త జయరాజు, నేను ఆదోనిలో ఒకే పత్తి మిల్లులో పనిచేశాం. ఆయన మిషన్లు బాగుచేసేవాడు, నేను కాటా దగ్గర తూకం చూసేవాణ్ణి. ఆయన కాపురం మాత్రం ఎమ్మిగనూరులో. పోయి ఏడాదైంది. ఏడాది కూడిక జరిపి, ఆ రోజే సమాధికి నల్లరాయి నిలబెట్టడం వాళ్ళింట్లో పద్ధతి.

"అన్నా, రాతి మీద ఎవర్నో సెక్కిచ్చినారు. మా ఆయన కాదు. జొన్నగిరి ఫోటో నీకాడ ఉంది గదా, తీసుకోని రా. రాయి నిలబెట్టకముందే రా," అంది మార్తమ్మ.

జొన్నగిరి సంగతి తెలియని వాళ్ళకు చెప్పాలి. తొలకరి వాన పడిందంటే ఆ పొలాల్లో వజ్రాలు పైకి తేలతాయని ఎక్కడెక్కడి జనమో వచ్చి నేల వెదుకుతారు. జయరాజు ఏటా పోయేవాడు. మోపెడ్ మీద ముందు కొడుకు, వెనక మార్తమ్మ, ఆమె ఒళ్ళో కూతురు, కూతురి ఒళ్ళో సద్దిమూట. బండి తీసేముందు అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేయాలి. ఆ ప్రార్థన ఎంత పొడుగంటే, వేడెక్కిన ఇంజను 'ఆమెన్' అనేలోపు చల్లారిపోయేది. వజ్రం మాత్రం ఏ ఏడూ దొరకలేదు.

"దొరకల్లని ఎవరు పోతాండారన్నా? దేవుడు ఇంత భూమి సేసిపెట్టినాడు, పిల్లోళ్ళకు సూపించల్ల గదా," అనేవాడు. ఆదోని కోట కొండకు ఆ పిల్లల్ని మోసుకెళ్ళాడు. తుంగభద్రలో ఈత నేర్పాడు. ఆదివారం గుడిలో ముందు వరుస, గుడి వదిలాక ఏదో ఒక గుట్ట. ఒక ఏడు నేనూ వెంట పోయి, అడిగి తెచ్చుకున్న కెమెరాతో ఫోటో తీశాను. జయరాజు నిక్కరు మీద, మోకాళ్ళ దాకా బురద, భుజాల మీద కూతురు, చేతిలో పనికిరాని రాయొకటి, నోరంతా నవ్వు.

ఆ ఫోటో పటాన్ని కాగితంలో చుట్టి, చంకలో పెట్టుకుని బస్సులో నిలబడ్డాను. సీట్లో ఉన్న ఒకామె తొంగి చూసింది.

"ఏం తాతా, పెండ్లి సంబంధమా?"

"సంబంధమే తల్లీ. పెళ్ళికొడుకు పోయి ఏడాదైంది."

ఆమె నాలుక కరుచుకుని, పక్కామెను జరిపి, నాకు జానెడు చోటిచ్చింది. కోటేకల్లు దాటే దాకా ఆ జానెడులోనే రాజ్యమేలాను.

ఎమ్మిగనూరులో దిగినవాళ్ళు బస్టాండు బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జి తినకుండా కదలకండి. తర్వాత ఆటో దొరుకుతుంది. నాకు ఇల్లు వెదికే పని పడలేదు. వీధి మొదట్లోనే పెద్ద ఫ్లెక్సీ కట్టారు. నల్లకోటు, ఎర్రటై, వెనక మంచుకొండ, దాని మీంచి జలపాతం. ఎమ్మిగనూరు ఎండలో మంచుకొండ! మెడ పైన మిల్లు గుర్తింపు కార్డులోని జయరాజు ముఖం, మెడ కింద ఎవరో పుణ్యాత్ముడి ఒళ్ళు. ఫోటో స్టూడియోవాళ్ళ దగ్గర ఆ కోటు ఒక్కటే ఉన్నట్టుంది, ఊళ్ళో పోయినవాళ్ళందరికీ అదే తొడుగుతారు.

జయరాజు కొడుకు ఇమ్మానియేలు ఎదురొచ్చాడు. "ఎట్లుంది పెద్నాయనా?"

"ఎవరు నాయనా ఈ కలెక్టరు?"

వాడి ముఖం మాడిపోయింది. "మా నాయన బతికినన్నాళ్ళు ఒక మంచి అంగీ ఏసుకోల్యా. నా పెండ్లికి కోటు కుట్టిస్తానంటే నగినాడు. ఇప్పుడన్నా నేను ఏస్తే తప్పా?"

పటం తీసి చేతికిచ్చాను. దగ్గరగా పెట్టుకుని చూశాడు. "నిక్కరు మీద ఉండాడే! సమాధి మీద నిక్కరా? జనం నగరా?" అని తిరిగిచ్చేశాడు.

పక్కనే ఉన్న పాస్టరుగారు, "పునరుత్థాన దినాన ఈ వేషంతో లేస్తాడా అయ్యా?" అన్నారు.

"కోటుతో లేస్తే మీ దేవుడు గుర్తుపడతాడా అయ్యా?" అన్నాను. ఆయన వాచీ చూసుకున్నారు.

షామియానా కింద సాక్ష్యాలు మొదలయ్యాయి. పోయినవాడి గురించి తలా నాలుగు మాటలు చెప్పడాన్ని వాళ్ళు సాక్ష్యమంటారు. అబద్ధపు సాక్ష్యం చెప్పకూడదని వాళ్ళ పుస్తకంలోనే ఉంది. "తిరుగుబోతు, ఆదివారం పూట రాళ్ళేరుకుంటాడు" అని ఒకప్పుడు జయరాజును సంఘంలో నిలబెట్టి కడిగిన పెద్దమనిషే ముందుగా లేచాడు. "మన సహోదరుడు జొన్నగిరికి పోయింది రాళ్ళకు కాదు, ఆత్మల కోసం!" అన్నాడు. అందరూ స్తోత్రమన్నారు. కోట కొండ ఉపవాస ప్రార్థన అయింది. తుంగభద్రలో ఈత బాప్తిస్మమయింది.

నన్ను పిలిచారు. "జయరాజు జొన్నగిరికి పోయింది పెళ్ళాం బిడ్డలతో ఆడుకోవడానికి. ఆడుకుని, ఆ బురదలోనే మోకాళ్ళూని దేవుడికి దండం పెట్టాడు. నేను కళ్ళారా చూశాను," అన్నాను. ఇంకా చెప్పేవాణ్ణి, మైకువాడు పాట పెట్టాడు.

సమాధుల తోట ఊరిబయట, ఆదోని రోడ్డు పక్కనే. నడుమెత్తు ప్రహరీ గోడ. గోడకు ఆనుకునే జయరాజు సమాధి. మేస్త్రీ సిమెంటు కలిపి పెట్టుకున్నాడు, ఒలికిన నీళ్ళకు చుట్టూ బురదయింది. మనిషెత్తు రాతికి తెల్లగుడ్డ కప్పి ఉంది. పాస్టరుగారు ప్రార్థన చేసి, గుడ్డ తీయమని మార్తమ్మకు సైగ చేశారు. ఆమె తీసింది. కోటు, టై, మంచుకొండ అన్నీ రాతికెక్కాయి.

మార్తమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "ఈ కోటాయప్ప ఎవరో నాకు తెల్దు. పరాయి మొగోని ముందర కూకోని నేను ఏడ్సల్లనా?"

"అమ్మా, సెక్కినాక ఏం సేస్తాం మా?" అన్నాడు కొడుకు.

"తిప్పి పెట్టురా. వెనకపక్క నున్నగుంది. నాకది సాలు."

"పేరు గూడా ఉండదు మా."

"నీకు మీ నాయన పేరు తెల్దా? నాకు తెల్దా?"

పెద్దమనుషులు గొంతులు సవరించుకున్నారు. ఎంతో ఖర్చు పెట్టించామని ఒకాయన, సాక్ష్యం చెడి సంఘం పరువు పోతుందని ఇంకొకాయన. మార్తమ్మ నేల మీద చతికిలబడింది. మేస్త్రీ తాపీ పట్టుకుని ఇమ్మానియేలు వైపు చూస్తున్నాడు. వాడు తల్లిని చూశాడు, నా చేతిలోని పటాన్ని చూశాడు. తర్వాత చొక్కా చేతులు మడిచి, రాయి కింద చెయ్యి పెట్టి, "పట్టన్నా," అన్నాడు మేస్త్రీతో.

తిప్పి నిలబెట్టారు. కోటాయన ముఖం గోడ వైపుకు, నున్నటి నలుపు మావైపుకు. మార్తమ్మ నా దగ్గర పటం తీసుకుని ఆ నలుపుకు ఆనించి కూర్చుంది. "ఆ పొద్దు సద్దంతా కోతులెత్తకపాయె, గుర్తుండాదా?" అని దాన్ని అడిగి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఇమ్మానియేలు వచ్చి ఆమె పక్కన బురదలో కూర్చున్నాడు.

నేను పలావుకు ఉండలేదు. అక్కడే రోడ్డు మీద చెయ్యెత్తితే ఆదోని బస్సు ఆగింది. ఆశ్చర్యం, కిటికీ పక్క సీటు దొరికింది. ఈ యాత్రలో అర్థమైందేమంటే, చచ్చినవాడికి కోటు తొడగడానికి సంఘమంతా వస్తుంది, విప్పడానికి పెళ్ళాం ఒక్కతే ఉంటుంది.

బస్సు ఇంకా కదల్లేదు. పక్కసీటు ఆమె గోడ మీంచి రోడ్డు వైపే చూస్తున్న రాతి బొమ్మను చూసింది. "అబ్బా, ఎవరప్పా ఆ పెద్దాఫీసరు?"

"తెల్దమ్మా," అన్నాను. "మావాడు రాతికి అవతలపక్క ఉండాడు."