ఖాళీ ఒప్పుకోని గడి

ఆఫీసులో అందరూ ఆవిడని పుట్టుకలమ్మ అంటారు. ఇరవై రెండేళ్లుగా జనన రికార్డులు రాస్తోంది మరి. ఊళ్లో సగంమంది పిల్లల పేర్లు ఆవిడ చేతిమీదుగా వెళ్లినవే. ప్రతి పేరూ రెండుసార్లు అడిగి రాస్తుంది. మూడోసారి అడిగితే విసుక్కుంటారని తనలో తనే గొణుక్కుంటుంది. అంతటి మనిషికి ఇవాళ పొద్దున్నుంచీ గుండెలో ఒకటే దడ.

ఎదురుగా జరుగుతున్నది బ్లాక్‌చెయిన్ సభ. మెడలో కార్డులు వేలాడేసుకున్న పెద్దమనుషులు ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకుని, దీనికి చట్టం ఎలా ఉండాలో తేల్చేస్తున్నారు. పుట్టుకలమ్మకి అర్థమైంది కొంచెమే. రికార్డు ఒక్కచోట కాదు, వందచోట్ల ఉంటుంది. ఒకసారి ఎక్కిందంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా చెరపలేడు. తప్పుంటే కింద ఇంకో వరుస చేర్చుకోవచ్చట, పైన తప్పు మాత్రం అందరికీ కనిపిస్తూనే ఉంటుందట. నాలుగింటికి, అందరి కళ్లముందూ, మొదటగా ఎక్కించేది వీళ్ల ఆఫీసు జనన రికార్డులే.

వాటిలో ఒకటి అబద్ధం.

తొమ్మిదేళ్ల కిందట ఒక దర్జీ అమ్మాయి వారం రోజుల పాపని ఎత్తుకుని వచ్చింది. తండ్రి పేరు అడిగితే "రాయకండమ్మా" అంది. కంప్యూటరు వింటేనా? ఆ గడి నింపితే గానీ ముందుకు కదలనని మొండికేసింది. వెనక జనం గుమ్మం దాటి నిలబడ్డారు. సాయంత్రం సరిచేద్దాంలే అనుకుని పుట్టుకలమ్మ, నోటికి ముందొచ్చిన మగవాడి పేరు కొట్టేసింది. అది తన మొగుడి పేరు. ఆ సాయంత్రం ఇంతవరకూ రాలేదు. ఉద్యోగం పోతుందని భయం, అంతకంటే ఏమీ లేదు.

భోజనాల వేళ వసారాలోకి వచ్చి, రికార్డులో ఉన్న నంబరుకి ఆ దర్జీకి ఫోన్ చేసింది.

"ఆ పేరు తీయించేస్తానమ్మా. తప్పు నాదే."

"వద్దమ్మా, మీకు పుణ్యముంటుంది! పాప సర్టిఫికెట్‌లో చూసి ఎవరని అడిగింది. మీ నాన్నే, చనిపోయాడని చెప్పేశాను. పుస్తకాలన్నిటిమీదా ఆ పేరే రాసుకుంటుంది పిచ్చిది."

పుట్టుకలమ్మ ఫోన్ పెట్టేసి, స్కూటర్ల షెడ్డులో ఉన్న మొగుడికి చేసింది. తొమ్మిదేళ్లుగా దాచింది గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది.

"నాకో కూతురుందన్నమాట! నాకు చెప్పవేం?" అని ముందు నవ్వాడు. సంగతంతా విన్నాక నవ్వు ఆగిపోయింది.

"ఎన్నో క్లాసు ఆ పిల్ల?"

"నాలుగు."

"రేపు పెద్దదై ఆ పేరు పట్టుకుని వెతుక్కుంటూ వస్తే? చచ్చిపోయాడన్న నాన్న లుంగీతో ఎదురొస్తే, ఏం చెప్పమంటావే నన్ను?"

ఆవిడ ఇన్నాళ్లూ తన ఉద్యోగం గురించే భయపడింది గానీ, గుమ్మంలో నిలబడబోయే ఆ పిల్ల మొహం ఒక్కసారీ తలుచుకోలేదు. సిగ్గేసింది.

నాలుగైంది. అధికారి వేదిక మీంచి నవ్వుతూ అడిగాడు. "మేడమ్, అన్నీ సరిచూసినట్టేగా? ఎక్కించేయమంటారా?"

తలలన్నీ ఆవిడ వైపు తిరిగాయి. లేచింది.

"ఒకదాంట్లో తండ్రి పేరు అబద్ధం సార్. నేనే రాశాను."

అధికారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఎవరి పేరు రాశారు?"

"మా ఆయనదండీ."

ఎవరో కిసుక్కున నవ్వారు. పుట్టుకలమ్మ కూర్చోలేదు.

"నన్నేం చేస్తారో తర్వాత చేయండి. ఆ ఒక్కటీ ఇవాళ ఎక్కించకండి," అంది. "ముందు ఆ తల్లి తన కూతురితో మాట్లాడుకోవాలి."