పన్నెండు మంది, ఒక్క రోజు

పీరా సారుకు లోకంలో ఏ పని కనబడినా నోట్లోంచి రెండే ప్రశ్నలు వస్తాయి. ఎంతమంది? ఎన్ని రోజులు? పెళ్ళి పందిరి వేస్తున్నా ఇవే, బావి పూడిక తీస్తున్నా ఇవే. ఒకసారి దూరపు చుట్టం పోతే చూడబోయి, గొయ్యి తవ్వుతున్న ఇద్దరి పక్కన నిలబడి, మూడోవాడు కలిస్తే ఎన్ని నిమిషాలు మిగులుతాయో చెప్పి వచ్చిన ఘనుడు ఆయన.

లెక్కల పంతులుగా రిటైరయ్యాక జనగామలో సర్కారు కొలువుల పరీక్షలకు ట్యూషన్ పెట్టాడు. పుస్తకంలో ముప్పై అధ్యాయాలుంటే ఆయన ఏడాది పొడుగునా చెప్పేది ఒక్కటే, కాలము-పని.

"లాభనష్టాలు ఎప్పుడు జెప్తరు సార్?" అని ఎవరైనా అడిగితే, "గవి షావుకార్లు జూస్కుంటరు. పని జేసెటోళ్ళకు గిదొక్కటి చాలు" అనేవాడు.

ఆయన భార్య నఫీసా బేగం ముప్పై ఏళ్ళుగా ఈ లెక్కలు వింటూ వంట చేస్తున్న మనిషి. ఒకనాడు బియ్యంలో రాళ్ళు ఏరమని చేట చేతికిస్తే, సారు గుప్పెడు బియ్యంలో ఎన్ని రాళ్ళున్నాయో లెక్కేసి, మొత్తం బియ్యానికి ఎంతసేపు పడుతుందో గోడమీద బొగ్గుతో రాసి, చేట తిరిగి ఇచ్చేశాడట. ఆమె ట్యూషన్ పిల్లలతో అనేది: "మీ పుస్తకంల ఒక నల్లా తొట్టి నింపుతుంటే ఇంకోటి ఖాళీ చేస్తది గద బిడ్డా? మా ఇంట్ల నింపే నల్లా నేను. ఖాళీ జేసే నల్లా ఈయన."

ట్యూషన్‌కు వచ్చే సరోజనకు మాత్రం సారంటే లోపల ఒక కోపం ఉండేది. దానికి కారణముంది. సారు లెక్కల్లోకి క్లాసులో ఉన్నవాళ్ళ పేర్లే వచ్చేవి. "రఘునాథ్ ఒక పనిని పన్నెండు రోజుల్లో చేయును. సరోజన కూడా కలిసిన ఎనిమిది రోజుల్లో అగును. సరోజన ఒక్కతే చేసిన ఎన్ని రోజులు?" జవాబు ఇరవై నాలుగు. రఘునాథ్ తిన్న పళ్ళెం కూడా వాళ్ళమ్మే తీస్తుంది. అలాంటివాడు పన్నెండు రోజులట! పొద్దున లేచి పొలం, ఇల్లు చక్కబెట్టి, పక్క ఊరినుంచి వచ్చి కూర్చునే తను ఇరవై నాలుగట! పైగా ఆ లెక్క ఒక్కసారి కూడా ఆమెకు సొంతంగా వచ్చేది కాదు. ఒళ్ళు మండదా మరి?

ఇంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. సారు నల్లబల్లను నెత్తిన పెట్టుకుని పోయి చౌరస్తాలోని రిలే దీక్షా శిబిరంలో తగిలించాడు. ఇక ట్యూషన్ అక్కడే. దీక్షలో కూర్చున్నవాళ్ళకు ఆకలి, ఎదురుగా భిన్నాలు. ఒక పెద్దాయన ఉండబట్టలేక అడిగాడు.

"సారూ, ఇంతమందిమి కూసున్నం. రాష్ట్రం ఎన్ని దినాలల్ల ఒస్తదో లెక్కగట్టి జెప్పరాదు?"

సారు గడ్డం గోక్కున్నాడు. "గట్టొచ్చు. గనీ మధ్యల విడిచిపెట్టి పోయెటోళ్ళు ఎంతమందో ముందుగాల జెప్పాలె." శిబిరంలో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

సమ్మె సాగుతుండగా సరోజన రెండు రోజులు రాలేదు. మూడోనాడు వచ్చి, పుస్తకం సారు ముందు పెట్టింది.

"ఇగ రాను సార్. పత్తి పగిలింది. మా ఆయన కాలు ఇరిగి సిమెంటు కట్టుతోటి మంచంల ఉన్నడు. కూలోళ్ళు దొరుకుతలేరు, ఎవరి చేను వాళ్ళకే అయింది."

"ఎన్నెకరాలు?"

"రెండు."

"నువ్వొక్కదానివే ఏరితే?"

"పన్నెండు దినాలు. మబ్బు జూస్తే మూడు దినాలు గూడ ఆగేటట్టు లేదు. తడిస్తే ఇగ ఆ పత్తిని అడిగెటోడు లేడు."

అయ్యో అనలేదు మహానుభావుడు. కళ్ళు మెరిశాయి. గబగబా బల్ల దగ్గరికి పోయి, "ఒక మనిషి రెండెకరాల పత్తిని పన్నెండు రోజుల్లో ఏరును. ఒక్క రోజులో ఏరుటకు ఎంతమంది కావలెను?" అని రాశాడు. సరోజనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన కొంప మునుగుతుంటే ఈయనకు లెక్క దొరికింది! వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. వెనక నుంచి రఘునాథ్ గొంతు వినబడింది. "పన్నెండు మంది సార్!"

మర్నాడు పొద్దున్నే ఆమె పత్తి వేసుకునే ఒడి కట్టుకుని చేలో దిగేసరికి గట్టుమీద మనుషుల వరుస కనబడింది. ముందు గొడుగుతో పీరా సారు, వెనక రఘునాథ్‌తో కలిపి పదిమంది ట్యూషన్ పిల్లలు, చివర అన్నం గిన్నె నెత్తిన పెట్టుకున్న నఫీసా బేగం. బస్సుల్లేవు కదా, ఆరు కిలోమీటర్లు నడిచి వచ్చారు. ఎంత వేగంతో నడిచారో ఎవరో అడిగితే, కాలము-దూరము తన అధ్యాయం కాదన్నాడట సారు.

"ఏంది సార్ గిది?"

"జవాబు పన్నెండు ఒచ్చింది. మేం పదకొండు, నువ్వొకదానివి. బేగం అన్నం పెట్టనీకి ఒచ్చింది, లెక్కల రాదు. సరిజూడాలె గద? సరిజూడంది నేను మార్కులెయ్య."

అంతే. జాలి లేదు, సాయం అన్న మాట లేదు. లెక్క సరిచూడటానికి వచ్చారు. సరోజనకు వద్దనడానికి సందు దొరకలేదు.

ఇక ఏరడం చూడాలి! రఘునాథ్ పత్తి కంటే ఆకు ఎక్కువ ఏరాడు. కాయల మొనలు గీరుకుని పిల్లలందరి వేళ్ళూ ఎర్రబడ్డాయి. సారు ప్రతి సాలు దగ్గరా ఆగి ఎన్ని చెట్లయ్యాయో లెక్కబెడుతూ, మధ్యాహ్నానికి తన ఒడిలో కోడి పొదగడానికి కూడా చాలనంత పత్తి పోగుచేశాడు. పొద్దు వాలేసరికి సరిగ్గా సగం చేను అయింది. సారు గట్టుమీద కూలబడ్డాడు. నఫీసా బేగం అన్నం పెడితే ముట్టలేదు.

"లెక్క తప్పింది" అన్నాడు, ఇల్లు కాలినవాడిలా.

"తప్పలే సార్" అంది సరోజన. "మీరు అందరు నాలెక్కనే ఏరుతరని రాసుకున్నరు. గాడ తప్పింది." పుల్ల తీసుకుని మట్టిలో గీయసాగింది. "నా ఒక్క దినం పని పన్నెండింట్ల ఒకటి. ఇయ్యాల అయింది సగం, అంటే పన్నెండింట్ల ఆరు. ఆరుల ఒకటి నాది. కడమ అయిదు మీ పదకొండు మందిది. అంటే మీల ఇద్దరు గలిసినా నా ఒక్కదానంత గారు. రేపు గూడ గిట్లనే ఏరితే, రేపటికి అయిపోతది."

రఘునాథ్ తన వేళ్ళు చూసుకున్నాడు. సారు చటుక్కున లేచాడు. "సొంతంగ జేసినవ్! నేను జెప్పకుండ జేసినవ్!"

"మరి ఈయన పని ఎంత బిడ్డా?" అంది నఫీసా బేగం నవ్వుతూ. "ఖాళీ జేసే నల్లానే గద?"

సరోజన సారు ఒడిలోకి చూసింది. "సార్ ఏరిన పత్తి తీసేస్తే పెద్ద ఫరక్ రాదమ్మా. సార్‌నే తీసేస్తే మాత్రం మిగిలేది నేనొక్కదాన్ని. పన్నెండు దినాలు."

సారు గొడుగు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడు ఎండా లేదు, వానా లేదు.

రెండోనాటికి చేను అయిపోయింది. మూడోనాడు కురిసిన వాన ఉత్త పత్తికట్టె మీదే కురిసింది. ఆ మర్నాడు సరోజన శిబిరానికి వచ్చి తన పుస్తకం తను తీసుకుంది. సారు బల్లమీద రాస్తున్నాడు. "సరోజన ఒక పనిని పన్నెండు రోజుల్లో చేయును. పీరా కూడా కలిసిన ఎన్ని రోజుల్లో అగును?" సుద్దముక్క ఆమె చేతికిచ్చాడు.

ఆమె ఆలోచించకుండా "రెండు" అని రాసింది.

లెక్క ప్రకారం అది ముమ్మాటికీ తప్పు. పీరా సారు మాత్రం, జీవితంలో మొదటిసారి, సరిచూడకుండానే మార్కులేశాడు.