ఘనాలు పేర్చిందెవరు?

నవ్వుకుంటే నవ్వుకోండ్రి, నేనే చెప్త. బయట ఇనేకంటె నా నోటితోని ఇంటేనే నయం. మొన్న శుక్రవారం పొద్దుగాల, లెక్కల టీచర్‌ను, చీరతోని సహా నీళ్ల టబ్బుల కూసొని "అమ్మో!" అని ఒర్రిన. ఎందుకో చెప్తే మీకు గూడ జర వణుకు పుడ్తది. చాయ్ తాగుకుంట ఇనుండ్రి.

మా బడి కొత్వాల్‌గూడ దాటినంక ఉంటది, మీకెర్కే. చలికాలం హిమాయత్‌సాగర్ దిక్కుకెల్లి మంచు కమ్ముకుంటే గేటు గూడ కనబడదు. నెత్తి మీదికెల్లి విమానం పోతది. చప్పుడే ఇనబడ్తది, విమానం మాత్రం కనబడదు. నేను శంషాబాద్‌ల ఏడింటి బస్సెక్కి, టీచర్లందరికంటె ముందు దిగుత.

ఐదో తరగతికి వాల్యూమ్ చెప్తున్న. పొడవు ఇంటు వెడల్పు ఇంటు ఎత్తు అని పిల్లలు గడగడ చదువుతరు. అట్టపెట్టె చేతికిచ్చి "దీంట్ల ఎన్ని ముక్కలు పడ్తయి?" అంటే మాత్రం నా మొఖమే చూస్తరు. ఇగ గిట్ల కాదని, వడ్లాయనతోని ఒకే తీరు చెక్కముక్కలు వంద కోయించిన. ఒక్క ముక్క పెడితే ఒకటో ఘనం. పొడవుకు రెండు, వెడల్పుకు రెండు, ఎత్తుకు రెండు పేరిస్తే ఎనిమిది. మూడు మూడు మూడు పేరిస్తే ఇరవై ఏడు. సోమవారం అక్కడికి ఆపి, అన్ని ముక్కలు బుట్టల ఏసి, గదికి తాళమేసి, తాళంచెవి నా బ్యాగుల ఏసుకున్న.

మంగళవారం పొద్దున తాళం తీసి చూద్దును గదా, టేబుల్ మీద నాలుగు ఘనాలు వరుసగ నిలబడి ఉన్నయి! ఒకటి, ఎనిమిది, ఇరవై ఏడు, ఆ పక్కన నేనింకా చెప్పనే చెప్పని అరవై నాలుగు. బుట్ట ఖాళీ. నాలుగూ కలిపితే సరిగ్గ వంద అయితదని నేను గూడ అప్పటిదాక చూసుకోలే.

సైన్స్ చెప్పే పద్మజ గారికి చెప్పిన. ఆమెది కాకినాడ. "భలేవారండీ! మీరే పేర్చి మర్చిపోయుంటారు" అని నవ్వింది. నిజమేనేమో అనుకున్న.

బుధవారం ముక్కలన్ని నేల మీద ఉన్నయి. పది వరుసలు, వరుసకు పది. ఒక్క సందు లేకుండ పెద్ద చదరం. కిటికీలకు గడియలు ఏసినయి ఏసినట్టే ఉన్నయి. వంగి ఒక ముక్క ముట్టుకున్న. తడిగ ఉంది. సల్లగ ఉంది. ఎవరో ఇప్పుడే చెయ్యి తీసినట్టు.

గురువారం గూడ గదే చదరం. పాఠం అయినంక, బడి గోడ పక్కింట్ల ఉండే అక్షిత నా దగ్గరికొచ్చింది.

"మేడం, రోజు పొద్దుగాల ఈ గదిలకెల్లి టక్... టక్... అని ఇనబడ్తది. మీరే గద?"

"ఎన్నింటికమ్మా?"

"ఆరున్నరకు."

ఆరున్నరకు నేను ఇంట్ల జడ అల్లుకుంటుంట!

ఈసారి పద్మజ గారు నవ్వలే. గొంతు తగ్గించి, "అలాంటివి నేను నమ్మనండీ. అయినా మీరు ఒంటరిగా వెళ్ళకండి" అంది. "అయితే మీరొస్తరా?" అన్న. "నేనెందుకండీ!" అంది.

ఇగ నిద్ర ఏడ పడ్తది? శుక్రవారం ఆటో మాట్లాడుకొని ఆరింటికే బడికి పోయిన. తలుపు తీసుకొని లోపలికి పోయి, లైటు ఏయకుండ మూలకు నిలబడ్డ. ఆ రోజు నీళ్లల్ల రాయి ముంచి వాల్యూమ్ కొలిపిద్దామని, పెద్ద టబ్బుల అంచుదాక నీళ్లు నింపి, కింద వెడల్పు ట్రే పెట్టి ముందటి రోజే తయారుగ ఉంచిన. ఒక విమానం నెత్తి మీదికెల్లి పోయింది. టబ్బుల నీళ్లు సన్నగ వణికినయి. బుట్టల ముక్కలు గూడ కటకట అన్నయి. తర్వాత అంత నిశ్శబ్దం.

గప్పుడు, ఎదురుంగ ఉన్న ఘనం చార్టు, నిలువెత్తుది, మెల్లగ నా దిక్కు జరిగింది. ఒట్టు! దాని వెనక కెల్లి మంచు లోపలికొచ్చింది. మంచుతోని పాటు ఒక మనిషి. తలకు, మొఖానికి తెల్లగుడ్డ. కండ్లు తప్ప ఏం కనబడ్తలేదు. బుట్ట ముందట కూసొని ఒక్కో ముక్క తీసి నేల మీద పెడ్తున్నది. టక్. "ఒకటి..." టక్. "రెండు..."

ఎనకకు ఒక్కడుగేసిన. మడిమకు టబ్బు తాకింది. ధభీమని అండ్ల కూలబడ్డ.

"అమ్మో!" నేను.

"ఓ యమ్మో! దయ్యం!" అని ఆ ఆకారం నాకంటె గట్టిగ ఒర్రి, చేతికందిన చీపురు నా మీదికి ఇసిరింది.

మొఖం మీది గుడ్డ జారింది. చూస్తే మా బడి ఊడ్చే నర్సక్క! జూన్‌ల నేను చేరినప్పుడు చార్టుకు గోడ మీద జాగ లేక వెనక తలుపుకే మేకులు కొట్టిన. నేను తాళమేసేది ముందటి తలుపుకు. వెనక దానికి బయటికెల్లి ఉత్త గొళ్లెమే. అక్కడ తలుపున్నదన్న సంగతే మరిచిన.

"గింత పొద్దుగాల ముక్కలతోని ఏంది అక్కా?" అన్న, టబ్బులకెల్లి లేవరాక.

"బుట్ట జరిపి ఊడుస్త గద మేడం. ఒక్క ముక్క పోయినా నన్నే అడుగుతరు. అందుకే తడిగుడ్డతోని తుడిచి, పది పది పేర్చి లెక్క చూసుకుంట."

నిజంగ ఒకటి పోతే నేను గూడ ముందుగాల ఆమెనే అడుగుతుంటి.

"మరి మంగళవారం ఘనాలు?"

"సోమవారం నువ్వు చెప్తుంటే వరండల ఇన్న. మూడు చేసి ఆపితివి. మిగిలినయి చూస్తే ఇంకోటి అయితదనిపించింది. ఇటుక బట్టీల పన్నెండేండ్లు చేసిన. కుప్ప చూసి ఎన్ని ఇటుకలో చెప్త."

తన శాలువ నాకు కప్పింది. ఆ రోజు క్లాసుల ఆమెనే నిలబెట్టిన. అట్టపెట్టె అడుగుకు ముక్కలు పేర్చి, "గిది ఒక పొర. గిట్లాంటి పొరలెన్ని పడ్తయి?" అని అడిగింది. అంతే! పిల్లలు ఫటాఫట్ చెప్పిండ్రు. నేను వారం రోజులు మొత్తుకున్న పాఠం పది నిమిషాలల్ల అయిపోయింది. అక్షిత గ్యాంగు మాత్రం ట్రేల నీళ్లు కొలిచి, "మేడం, మీ వాల్యూమ్ పదకొండు మగ్గులు, కింద పారినయి కలపకుండ!" అని బోర్డు మీద రాసింది.

పోయేటప్పుడు నర్సక్క ఆగింది. "మేడం, ఆ వందకు ఐదు పొరల ఘనం, అంటే నూట ఇరవై ఐదు, గూడ కలిపి, ఇంటికాడ చింతగింజలతోని పేర్చి చూసిన. మల్ల చదరమే అయింది. పదిహేను వరుసలు, వరుసకు పదిహేను. ఒక్క గింజ తక్కువ కాలే, ఎక్కువ కాలే. గట్లెందుకైతది?"

ఎమ్మెస్సీ మ్యాథ్స్ నేను. ఫార్ములా నోటికొచ్చు. ఎందుకో మాత్రం గింజలతోని చూపెట్టనీకి నాకు రాదు. "రేపు చెప్త అక్కా" అన్న.

నాలుగు రోజులాయె. దయ్యం భయం పోయింది గానీ, ఇప్పుడు చీపురు చప్పుడు ఇనబడితే చాలు, పోయి స్టాఫ్‌రూంల దాక్కుంటున్న!