గుమ్మం దాటని గిటారు

ఫిన్నీ రోజూ పొద్దున్నే షెడ్డులో ఒక స్పీకరు బాక్సుకి పాట పెట్టి, టీ గ్లాసు పట్టుకుని వీధిలోకి నడుస్తాడు. వెనక్కి తిరిగి చూడడు. పాట వీపు మీద పడుతూ ఉంటుంది. నడిచేకొద్దీ ముందు మాటలు కలిసిపోతాయి, తర్వాత రాగం పల్చబడుతుంది, చివరికి డోలు దెబ్బ ఒక్కటే మిగులుతుంది. అదీ వినిపించని చోట ఆగి, గ్లాసులో ఉన్న టీ తాగేసి వెనుదిరుగుతాడు. మంచు దిగిన రోజుల్లో రైలు పట్టాల దాకా వెళ్లాల్సి వస్తుంది. వడగాలి కొట్టే రోజున కిళ్లీ కొట్టు రాకుండానే పాట అయిపోతుంది.

"బాక్సు పక్కన నిలబడితే అన్నీ మంచి బాక్సులే. దూరం ఎల్లి ఇంటేగాని దాని బతుకు తెలీదు" అంటాడు.

గరివిడిలో అతన్ని మైకుసెట్టు ఫిన్నీ అంటారు. తండ్రి ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఫిన్నీకి మాత్రం చిన్నప్పుడే హారన్ల మీద మనసు పడింది. పెళ్లిళ్లకి, జాతరలకి, చర్చి పండగలకి, ఎన్నికల ఆటోలకి అతని సెట్టే కట్టేవాళ్లు. ఏ తాటిచెట్టుకి ఎంత ఎత్తులో హారన్ కడితే ఏ ఊరిదాకా వినిపిస్తుందో అతనికి తెలుసు. ఆకు మడి దగ్గర వంగి ఉన్న ఆడవాళ్లు నడుం ఎత్తి, "పెళ్లికూతురొచ్చేసినట్టున్నాది" అనుకునేవాళ్లు. కళ్లతో చూడనక్కర్లేదు, ఫిన్నీ హారన్ చెప్పేది.

భార్య శాంతి అందుకు పూర్తిగా భిన్నం. మేనమామ కూతురే. అంగన్‌వాడీలో పిల్లలకి పాటలు నేర్పుతుంది. గుమ్మంలో ఏ తల్లో వచ్చి నిలబడితే పాట మధ్యలో ఆపేసి పప్పు గిన్నె మూత తీసి చూస్తుంది. చర్చిలోనూ అంతే. పెదవులు కదులుతాయి, గొంతు మాత్రం పక్కనున్న వాళ్లకి కూడా చేరదు.

వాళ్ల చర్చి సంఘంలో ఏటేటా కోత పండగ చేస్తారు. ఎవరికి పండింది వాళ్లు తెచ్చి దేవుడి ముందు పెడతారు. ఆరాధన అయ్యాక అవన్నీ వేలం వేస్తారు. రెండేళ్ల కిందటి పండగలో గుమ్మడికాయలు, కొబ్బరి గెలలు, కాళ్లు కట్టేసిన కోడిపుంజుల మధ్య ఒక ఎలక్ట్రిక్ గిటారు ఉంది. చర్చిలో వాయించే నవీన్ కొత్తది కొనుక్కుని పాతది తెచ్చి పెట్టాడు. వేలం పాట పాడుతున్నది ఫిన్నీయే.

"ఆడోళ్ల వైపు నుంచి ఒక సెయ్యి లేసింది... ఒకటోసారి... రెండోసారి..." అంటూ తలెత్తి చూస్తే ఆ చెయ్యి శాంతిది. మూడోసారి అనడం మర్చిపోయి ఆమె వైపే చూశాడు.

"నీ ఇంటిదేరా ఫిన్నీ, కొట్టెయ్ మూడోసారి!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. శాంతి ముఖం ఎర్రబడింది గాని చెయ్యి దించలేదు.

ఇంటికొచ్చే దారిలో ఫిన్నీ అడిగాడు.

"గిటారేటి సేసుకుంటావే?"

"వాయిస్తాను."

"ఎవులికి?"

"ఎవులికీ కాదు, బావ."

ఆ మాట అతనికి అందలేదు. ఎవరికీ కాని చప్పుడు ఒకటి ఉంటుందని అతను ఎప్పుడూ అనుకోలేదు.

ఆదివారాలు ఆరాధన అయ్యాక నవీన్ శాంతికి మూడు కార్డులు చూపించాడు. ఒక్కో కార్డుకీ ఎడమచేతి వేళ్లతో మూడు తీగలు ఒకేసారి నొక్కి, కుడిచేత్తో అన్నింటినీ మీటాలి. ఇంటి దగ్గర సాయంత్రాలు ఆమె అవే నొక్కుకుంటూ కూర్చునేది. ఎలక్ట్రిక్ గిటారుకి చప్పుడు పెంచే యాంప్ లేకపోతే గొంతు ఉండదు. దండెం తీగని గోటితో తట్టినట్టు వినిపిస్తుంది. పలికింది తప్పో ఒప్పో తెలియదు. అయినా ఆమె ఆ చిన్న టింగుటింగుల మీదికి తల వంచి, ఎక్కడికో వెళ్లిపోయినట్టు ఉండేది. బియ్యంలో పురుగులేరుతున్నప్పుడు కూడా ఎడమచేతి వేళ్లు చాట అంచు మీద కార్డులు నొక్కేవి.

అది చూసి ఫిన్నీకి జాలేసింది. మైకుసెట్టు వాడి ఇంట్లో మూగ గిటారేమిటనిపించింది. ఒక సాయంత్రం పెళ్లిళ్లకి వాడే పెద్ద యాంప్‌ని మేడ మెట్ల దగ్గర్నుంచి నడిమి గదిలోకి జరిపాడు. పక్కన ఒక బాక్సు పెట్టి, గిటారు వైరు గుచ్చాడు. "ఊఁ, కొట్టు" అన్నాడు. మర్నాడు వార్డులో మీటింగుందని మేడ మీద పిట్టగోడకి నాలుగు హారన్లు కట్టి ఉంచిన సంగతి, వాటి వైరు ఆ యాంప్‌కే ఉన్న సంగతి అతనికి గుర్తులేదు.

శాంతి కొట్టింది. వేలు ఒకటి జారింది.

ఆ తప్పు కార్డు మేడ మీంచి లేచి, వీధి దాటి, మార్కెట్టు మీదుగా స్టేషను దాకా వెళ్లింది. కాకులు లేచిపోయాయి. గేదె ఒకటి పలుపు తెంచుకుంది. నడుం విరిగి మంచంలో ఉన్న ఫిన్నీ తల్లి జగ్గమ్మ, "ఒరే, ఎవులింట్లోరా పెళ్లి?" అని కేకేసింది. పాత గిటారు కదా, అదీ మైకులా అందుకుని మేడ మీంచి వీధికి వినిపించింది. గుమ్మం ముందు జనం పోగయ్యారు.

"శాంతమ్మా, పెద్ద లారీ పొర్లిపోనాదనుకున్నానమ్మా!" అంది పక్కింటి పార్వతి.

తర్వాత చాలా రోజులు పార్వతి కుళాయి దగ్గర బిందె తిరగేసి దరువు వేస్తూ, "మా శాంతమ్మ కచేరీ ఎప్పుడో?" అనేది. పార్వతిది చెడ్డ మనసు కాదు, నవ్వించే నోరు. శాంతి కూడా నవ్వేది. ఒకరోజు ఇంటికొచ్చి, గిటారుని పాత చీరలో చుట్టి అటక మీద పెట్టేసింది. దాని గురించి ఫిన్నీ మాటెత్తితే వంటింట్లోకి వెళ్లిపోయేది. చాట అంచు మీద వేళ్లు కదలడం మానేశాయి.

అది ఫిన్నీకి తెలిసింది. హారన్ చెడితే విప్పి బాగు చేస్తాడు. ఇది ఎక్కడ విప్పాలో తెలియలేదు. నవీన్‌ని అడిగితే, "మీది పెళ్లిసెట్టు అన్నా. ఇంట్లో నేర్చుకునేదానికి వేరే యాంప్‌లుంటాయి. ఇజీనారం ఎల్లి చూడు" అన్నాడు.

విజయనగరంలో కోట దగ్గర సందులో వాయిద్యాల కొట్టుంది. వీణలు, తబలాలు ముందు వరసలో, గిటార్లు వెనక గదిలో. కొట్టు యజమాని మురళీమోహన్, "ఎలాటిది కావాలండీ?" అన్నాడు.

"ఇనిపించనిది."

"ఏటీ?"

"వాయించే మనిషికి ఇనిపించాల. పక్కింటికి ఇనిపించకూడదు. మా అమ్మ మంచం మీంచి పిలిస్తే ఆ పిలుపూ ఇనిపించాల."

"అయితే దేనికైనా హెడ్‌ఫోన్ పెట్టుకోవచ్చండి. ఎవరికీ గొడవుండదు."

"సెవులు మూసుకుంటే అమ్మ పిలుపెవులింటారు?" అన్నాడు ఫిన్నీ. తనకీ వినాలని ఉందన్నది చెప్పలేదు.

మురళీమోహన్ మూడు దించాడు. మొదటిది అరచేతిలో పట్టేది, బ్యాటరీది. రెండోది పది వాట్లు. మూడోది కొంచెం పెద్ద స్పీకరుతో ఇరవై వాట్లు.

"పది వాట్లా?" ఫిన్నీకి నవ్వొచ్చింది. "మా దగ్గర పది వాట్లు పెళ్లికూతురి ఏడుపుకీ సాలవు."

మురళీమోహన్ ఆ పది వాట్ల దానికి గిటారు గుచ్చి, మీట చివరిదాకా తిప్పి ఒక్కసారి కొట్టాడు. అద్దాల బీరువా వణికింది. ఫిన్నీ చెయ్యి చెవి మీదికి వెళ్లింది.

"మీ హారన్లు పొలాల్లో మోగుతాయి. ఇది నాలుగు గోడల మధ్య మోగుద్ది. వాట్లు చూసి కొనేసినోళ్లు ఇంటికెళ్లి మీట తిప్పడానికి భయపడతారు" అన్నాడు మురళీమోహన్.

ఫిన్నీ, "అయితే తగ్గించి వాయించండి. నాను బైటకెల్లి ఇంటాను" అని పెరటి తలుపు తీసుకుని వెనక సందులోకి నడిచాడు. అక్కడ రోడ్డు గోల లేదు. పాత ఇళ్ల గోడల మీద మధ్యాహ్నపు ఎండ నిద్రపోతోంది.

"ఏటండీ, ఎల్లిపోతన్నారా?" అని మురళీమోహన్ కేకేశాడు.

"లేదు లేదు, మీరు కానీండి!"

అరచేతి యాంప్ పెరట్లోనే వినిపించడం మానేసింది. కానీ తిరిగొచ్చి పక్కన కూర్చుని వింటే, అది సెల్‌ఫోన్లో పాటలాగే ఉంది. పది వాట్ల దానికి ఒకటే మీట. తగ్గిస్తే గొంతు పీలగా, జలుబు చేసినట్టు అయిపోయింది. పెంచితేనే బాగుంది, పెంచితే సందు చివర దాకా వచ్చింది. ఇరవై వాట్ల దానికి రెండు మీటలు. "ఇది గొంతు రుచికి, ఇది సౌండుకి" అని మురళీమోహన్ మొదటిది పెంచి, రెండోది ఇంచుమించు మూసేశాడు. ఫిన్నీ సందులోకి వెళ్లాడు. ఏమీ లేదు. పెరట్లోకి వచ్చాడు. ఉందో లేదో అన్నట్టుంది. గుమ్మం దాటి లోపల అడుగుపెట్టగానే ఆ చప్పుడు, కడవలోకి వంపుతున్న నీళ్లలా, నిండుగా ఉంది.

అతను అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఇన్నేళ్లు చప్పుడు ఎంత దూరం వెళ్తుందో చూశాడు. దాని దగ్గర ఇలా కూర్చోలేదు.

"ఇదియ్యండి" అన్నాడు. మురళీమోహన్ కట్టిస్తూ జాగ్రత్త చెప్పాడు. "నేల మీద పెట్టకండి, పక్కింటి గోడకి ఆనించకండి. గుబగుబమనే అదురు గోడల్లోంచి పోద్ది. స్టూలు మీద బొంత మడతేసి పెట్టండి."

తల్లి మంచం ఉన్న గదిలో ఫిన్నీ అలాగే పెట్టాడు. శాంతి అంగన్‌వాడీ నుంచి వచ్చి చూసి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"నాకొద్దు, బావ."

"ఇది గుమ్మం దాటదే."

"ఆ రోజూ ఇలగే కొట్టమన్నావు. హారన్లున్నాయని సెప్పావేటి?"

మంచం మీంచి జగ్గమ్మ అందుకుంది. "ఒసే కోడలా, స్టేషను కాడ టిక్కెట్లిచ్చీవోడికి ఇనిపించినావు. మంచమెక్కిన అత్తకి ఇనిపించవేటే? నానేటి తప్పు సేసినాను?"

శాంతికి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే, "సరే, నువ్వే కొట్టు బావ. నాను బైటకెల్లి ఇంటాను" అంది.

అటక మీంచి గిటారు దిగింది. ఫిన్నీకి వాయించడం రాదు. మంచం పక్కన కూర్చుని, చేతికి దొరికిన తీగనల్లా కొట్టడం మొదలుపెట్టాడు. "ఓరి నాయనో, పాక మీద కోతులు పడినట్టున్నాదిరా" అంది జగ్గమ్మ. అతను ఆపలేదు.

శాంతి ముందు గదిలోకి వచ్చింది. వినిపిస్తోంది. మెట్టు దిగింది. సన్నగా ఉంది. గేటు తీసుకుని వీధిలోకి వెళ్లింది. సాయంత్రం పొగ వీధి మీద పల్చగా పరుచుకుని ఉంది. ఫ్యాక్టరీ వైపు ఆకాశం కొంచెం ఎర్రగా ఉంది, అక్కడి నుంచి ఎడతెగని చిన్న హోరు వస్తోంది. ఎవరింట్లోనో కుక్కరు కూసింది. తన ఇల్లు తనకే దూరంగా, లోపల ఎవరూ లేనట్టు నిశ్శబ్దంగా కనిపించింది. శాంతి పార్వతి ఇంటి గేటు దగ్గర ఆగి చెవి పెట్టింది.

"ఏటి శాంతమ్మా, ఈధిలో నిల్సున్నావు?" పార్వతి గుమ్మంలో కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తోంది.

"గాలికొచ్చాను, వదినా."

"నీ గిటారేటయినాదే? మరి ఇనిపించనేదు. ఏదో ఎగతాళికన్నానుగానీ, మానీమన్నానేటి?"

శాంతి తన ఇంటి కిటికీ వైపు చూసింది. తెర వెనక ఫిన్నీ మోచెయ్యి పైకీ కిందికీ ఊగుతోంది.

"ఇప్పుడేటైనా ఇనిపిస్తందేటి, వదినా?"

"ఏటి?"

"సప్పుడు."

పార్వతి ఉల్లిపాయ పక్కన పెట్టి, తల వంచి శ్రద్ధగా విన్నది. "రైలుబండి వస్తన్నట్టున్నాది. పలాస బండి."

"అదేనేమో" అంది శాంతి.

లోపలికి వచ్చి కాళ్లు కడుక్కుని, ఫిన్నీ చేతుల్లోంచి గిటారు తీసుకుంది. అతను లేచి చెప్పులు వేసుకోబోయాడు.

"ఎక్కడికి?"

"నువ్వు వాయించుకుంటావని..."

"కూకో, బావ."

మొదటి కార్డు పడలేదు. రెండోసారీ వేలు జారింది. మూడోసారి పడింది. గది అంతా నిండి, గోడల దగ్గర ఆగిపోయింది. జగ్గమ్మ కళ్లు మూసుకుంది. మళ్లీ అదే కార్డు పడింది, మళ్లీ అదే. శాంతి కూడా కళ్లు మూసుకుంది.

ఇప్పుడు ఫిన్నీ పెళ్లిసెట్లన్నీ మధ్యాహ్నానికే కట్టేసి వస్తున్నాడు. సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా ఎవరు ఫోన్ చేసినా ఎత్తడు.