విప్పాలో వద్దో తేలని ముడుపు

నా చిన్నప్పుడు, ఎనిమిదేళ్ల పిల్లకు పిత్తాశయంలో రాళ్లున్నాయంటే సూరత్‌లో, గోడాదరాలోని మా గల్లీలో ఎవరూ నమ్మలేదు. అన్నం తిన్న కాసేపటికి కుడి పక్కటెముకల కింద మొదలైన నొప్పి వీపులోకి పాకేది. మోకాళ్లు కడుపులోకి ముడుచుకొని పడుకునేదాన్ని. దొంగచాటుగా మట్టి తింటున్నానన్నారు, నులిపురుగులన్నారు. స్కానింగులో రాళ్లు కనబడ్డాక పక్కింటి మామ, వజ్రాలు సానబట్టే వరాఛా పేటను తలచుకొని, "వరాఛాకు తోల్కపోన్రి, హీరాలోళ్లు సాన వట్టి ఇస్తరు" అని నవ్వించబోయాడు. మా అమ్మ నవ్వలేదు.

మా బాపు మరమగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. డాక్టరు హిందీలో చెప్పింది విని మాకు తెలుగులో చెప్పేవాడు. చిన్న వయసు కాబట్టి ముందు మాత్రలతో కరిగించి చూద్దామన్నారు. ఆ సాయంత్రమే మా నాయనమ్మ పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల కట్టింది. బిడ్డకు నయమైతే మా సొంతూరి ఎల్లమ్మ ముందు విప్పుతానని మొక్కుకొని, ఆ ముడుపును దేవుడి పటం మేకుకు తగిలించింది.

నెలల తరబడి మాత్రలు మింగాను. నెయ్యి, వేపుళ్లు మానేశాను. చివరకు ఒకనాటి స్కానింగులో రాళ్లు కనబడలేదు. "ఇక మళ్లీ రావు కదా?" అని బాపు అడిగాడు. డాక్టరు అబద్ధం చెప్పలేదు. ఉన్నవి కరిగాయి గాని అవి ఏర్పడిన తిత్తి లోపలే ఉందని, మళ్లీ రావచ్చని, రాకపోవచ్చని, తాను ఏదీ చెప్పలేనని అన్నారు. తిరుగుదారిలో బాపు నా చెయ్యి వదలలేదు.

అసలు చిక్కు ఇంటికి వచ్చాక మొదలైంది. నయమయ్యాక ముడుపు విప్పకపోతే తప్పు. నయం కాకముందే విప్పినా తప్పే.

"గిప్పుడే విప్పుడేందవ్వా? రేపు మళ్ల అస్తే?" అన్నాడు బాపు.

"మరి ఎన్నేండ్లు ఉంచుమంటవ్‌రా? దాని పెండ్లి దాకనా?"

"ఇగ రాదని తెలిసేదాంక."

"గా సంగతి డాక్టరుకే ఎర్క లేదు, నీకేడ తెలుస్తది?"

నా ముందు ఆ మాట ఎత్తవద్దని అమ్మ కళ్లతోనే వారించింది. నాతో మాత్రం అందరూ ఒకటే చెప్పారు, ఇక రాదని. వాళ్ల ముఖాలు చూస్తే నాకు నమ్మకం కలగలేదు. అన్నం తిన్నాక కుడి పక్కన చెయ్యి ఉంచుకొని, నొప్పి కోసం ఎదురుచూస్తూ కూర్చునేదాన్ని.

ఎండాకాలం సెలవుల్లో నాయనమ్మ పంతం పట్టి ఊరికి తీసుకువెళ్లింది. గుడి అరుగు మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకొని ముడి విప్పింది. మళ్లీ రానీయవద్దని మొక్కుతుందనుకున్నాను. "పోయినదానికి ఇస్తున్న తల్లీ, ముందటిది అడుగుత లేను" అని మాత్రం అని, బిళ్లను హుండీలో వేసింది. తరువాత నా వైపు తిరిగింది.

"మళ్ల రావచ్చు బిడ్డా. నా చేతుల లేదు, మీ బాపు చేతుల లేదు. అస్తే దాచకు. బాపు పరేషాన్ అయితడని అసలే దాచకు."

ఆ మాట క్రూరంగా తోచి ఏడ్చాను. ఆమె నన్ను ఊరుకోబెట్టలేదు. తానూ ఏడ్చింది.

రెండేళ్లకు నొప్పి మళ్లీ వచ్చింది. బాపు అన్నం తింటున్నాడు. అతని చేతిలో ముద్ద ఉండగానే, నాయనమ్మ దగ్గరికి వెళ్లి అతనికి వినబడేలానే చెప్పాను. ఈసారి ఆపరేషన్ చేసి తిత్తినే తీసేశారు. బాపు అదే ప్రశ్న మళ్లీ అడిగాడు. అరుదుగానే అయినా పిత్తనాళంలో కూడా రాళ్లు ఏర్పడవచ్చని ఆ డాక్టరూ అన్నారు. బాపు తల ఊపి, గోడకు ఆనుకొని కూర్చుండిపోయాడు.

ఈ ఏడు మా తమ్ముడి కూతురికి అవే రాళ్లు కనబడ్డాయి. మాత్రలు వేసుకుంటోంది. "కరిగినంక ఫిర్ సే అస్తయా అత్తా?" అని మొన్న నన్ను అడిగింది. మళ్లీ రావని చెప్పాలని ఎంత అనిపించిందో! తెలియదన్నాను. అది అటు తిరిగి పడుకుంది. దాని వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. అంతకుమించి ఏమి చేయాలో నాయనమ్మ నాకు నేర్పలేదు. ఆమెకూ తెలిసి ఉండదు.